‘క్రాష్’ అంటే ఏ క్రాష్? అర్థం పట్టుకునే పద్ధతి

ఇంగ్లీషులో క్రాష్ అన్న మాట కనబడగానే మనకి ముందు గుర్తొచ్చేది యాక్సిడెంటే. రోడ్డు మీద రెండు బళ్ళు గుద్దుకోవడమో, విమానం కూలిపోవడమో. అందులో తప్పేమీ లేదు, పెద్ద చప్పుడుతో దేనికైనా తగిలి పగిలిపోవడమే దాని మొదటి అర్థం. కానీ ఇప్పుడు అదే మాటని ధరలకీ, కంప్యూటర్లకీ, కోచింగులకీ, నిద్రకీ, ఆఖరికి ఒక రకం గుడ్డకీ కూడా వాడుతున్నారు. పోటీ పరీక్షలకి చదివేవాళ్ళూ, ఇంగ్లీషు పేపరు చదవడం అలవాటు చేసుకుంటున్నవాళ్ళూ, పిల్లల్ని బెంగళూరుకో హైదరాబాదుకో పంపి ఫోన్లో వాళ్ళు పెట్టే మెసేజీల అర్థం కోసం తంటాలు పడే అమ్మానాన్నలూ ఈ మాట దగ్గర ఇబ్బంది పడుతుంటారు. డిక్షనరీలో ఉన్న అర్థాలన్నీ బట్టీ పట్టక్కర్లేదు. వాక్యంలో ఎక్కడ చూడాలో తెలిస్తే అర్థం దానంతటదే దొరుకుతుంది.

ముందు, క్రాష్ అయింది ఏమిటో చూడండి

మొదట కర్తని వెతకండి. కారో, బస్సో, లారీయో అయితే ఢీకొట్టడం. విమానం, హెలికాప్టర్, డ్రోన్ అయితే కూలడం. షేర్లు, ధరలు, రూపాయి అయితే ఒక్కసారిగా పడిపోవడం. యాప్, వెబ్‌సైట్, ల్యాప్‌టాప్ అయితే ఆగిపోవడం. కర్త దొరికితే సగం పని అయిపోయినట్టే.

రైళ్ళ దగ్గర మాత్రం కాస్త నిదానించండి. 2023 అక్టోబర్ 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర, ముందు వెళ్తున్న విశాఖపట్నం–పలాస పాసింజర్‌ని వెనక నుంచి వచ్చిన విశాఖపట్నం–రాయగడ పాసింజర్ గుద్దింది. ఇది కొలిజన్, అంటే రెండు ఒకదానికొకటి తగలడం. 2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. రైల్వే వాళ్ళ భాషలో అది డీరెయిల్‌మెంట్. హెడ్డింగులో చోటు తక్కువ కాబట్టి పేపరు వాళ్ళు రెండింటికీ ట్రైన్ క్రాష్ అనే పెట్టేస్తారు. హెడ్డింగు చూసి ఏం జరిగిందో తేల్చుకోకండి, మొదటి పేరా చదవండి. అసలు మాట అక్కడ ఉంటుంది.

విమానాల వార్తల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఎమర్జెన్సీ ల్యాండింగ్ అంటే ఏదో ఇబ్బంది వచ్చి తొందరగా దింపేయడం. చాలాసార్లు ఎవరికీ గోరంత గాయం కూడా కాదు. క్రాష్ ల్యాండింగ్ అంటే దిగేటప్పుడే విమానం దెబ్బతినడం. ఈ రెంటినీ కలిపేసి టీవీలో స్క్రోలింగ్ వేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ విమానంలో ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో అది చూసి ఎంత టెన్షన్ పడతారో వాళ్ళకి పట్టదు.

కర్త మనిషైతే, పక్కనున్న చిన్న మాట చూడండి

‘ఐ క్రాష్‌డ్ రవీస్ బైక్’ అంటే రవి బండి తీసుకెళ్ళి ఎక్కడో గుద్దేశాడని. ‘ఐ క్రాష్‌డ్ ఎట్ రవీస్ ప్లేస్’ అంటే రాత్రి ఆలస్యమై రవి రూములోనే పడుకుండిపోయాడని. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మధ్యలో ‘ఎట్’ ఉందా లేదా అన్నదే తేడా. నరసన్నపేటలో ఉన్న తల్లి ఈ రెండోది చూసి కంగారుపడి, అర్ధరాత్రి ఫోన్ చేసి "ఏటైందిరా బాబూ" అంటే, కొడుకు నిద్రమత్తులో ఎత్తి "ఏం కాలేదమ్మా, పడుకున్నాను" అని విసుక్కుంటాడు. తల్లికి ఆ మాట అలా అర్థం కావడంలో వింతేమీ లేదు. కాబట్టి పిల్లలకి కూడా ఒక మాట: ఇంటికి పెట్టే మెసేజీల్లో ‘రవి రూములో పడుకున్నాను’ అని తెలుగులో రాయండి, ఆ నాలుగు అక్షరాలు ఎక్కువైనా ఫర్వాలేదు.

‘ఎట్’ లాంటి చిన్న మాటలు ఇంకొన్ని ఉన్నాయి. ‘ఇన్‌టు’ ఉంటే దాని తర్వాత వచ్చే వస్తువుని గుద్దినట్టు. చెట్టో, డివైడరో, ఆగి ఉన్న లారీయో అక్కడ ఉంటుంది. ‘అవుట్ ఆఫ్’ ఉండి పక్కన కప్పు పేరో, టోర్నీ పేరో ఉంటే అది ఆటల వార్త. ఓడిపోయి ఇంటిముఖం పట్టారని అర్థం. ఎక్కువగా, గెలుస్తారనుకున్న జట్టు ముందే పోతే ఈ మాట వాడతారు.

ఉత్తి ‘క్రాష్ అవుట్’ దగ్గర మాత్రం వయసు చూసుకోవాలి. నలభై దాటినవాళ్ళ నోట వస్తే దాని అర్థం అలసిపోయి ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడం. ఇప్పటి కుర్రాళ్ళు రీల్సులో అంటున్నది వేరు. కోపంతోనో, టెన్షన్‌తోనో ఒక్కసారిగా అదుపు తప్పి అరిచేయడం, ఏడ్చేయడం. మీ ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయి ‘రిజల్ట్స్ చూసి క్రాష్ అవుట్ అయిపోయాను’ అంటే హాయిగా నిద్రపోయింది అనుకోకండి. పక్కన కూర్చుని ఏమైందో అడగండి.

వెనకాల పెళ్ళి, పార్టీ, ఫంక్షన్ లాంటి మాట నేరుగా వస్తే, ‘క్రాష్‌డ్ ది వెడ్డింగ్’ అన్నట్టు, అక్కడ ఏదీ విరగలేదు. పిలవని పేరంటానికి వెళ్ళారంతే. గేట్ క్రాష్ అన్నా ఇదే.

క్రాష్ ముందొచ్చి ఇంకో మాటకి అతుక్కుంటే

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా వేసవి వచ్చేసరికి ఈఏపీసెట్ క్రాష్ కోర్సు అన్న ఫ్లెక్సీలు కనబడతాయి. మొదటిసారి చూసినవాళ్ళకి నవ్వొస్తుంది, డబ్బు కట్టి మరీ కుప్పకూలడమా అని. ఇలాంటి జంట మాటలకి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది క్రాష్ నుంచి కాపాడేదా, క్రాష్ అయ్యాక వచ్చేదా, కావాలని క్రాష్ చేసేదా, లేక హడావిడిగా చేసే పనా?

కాపాడేవి మనకి రోజూ కనబడతాయి. జాతీయ రహదారి 16 మీద పూసపాటిరేగ దాటి శ్రీకాకుళం వైపు వెళ్తుంటే, వంతెనల దగ్గర, ఎత్తు కట్టల దగ్గర రోడ్డు పక్కన వంపులు తిరిగిన ఇనుప రేకు బిగించి ఉంటుంది. అది క్రాష్ బ్యారియర్. బండి అదుపు తప్పినా కిందికి దొర్లిపోకుండా, ఆ రేకు వంగి దెబ్బని తను తీసుకుంటుంది. క్రాష్ హెల్మెట్ సరే సరి. క్రాష్ గార్డ్ దగ్గర మెలిక ఉంది. బైకుకి ఉండేది కాళ్ళు కాపాడటానికి. కార్లకీ, జీపులకీ ముందు బిగించుకునే లావుపాటి ఇనుప కమ్మీనీ క్రాష్ గార్డే అంటారు గానీ, దాన్ని బిగించుకోవడం చట్టవిరుద్ధమని 2017 డిసెంబర్‌లో కేంద్రం రాష్ట్రాలకి రాసింది. ముందు నుంచి తగిలిన దెబ్బకి నలగాల్సిన భాగం నలగకుండా ఆ కమ్మీ అడ్డుపడుతుంది. ఎయిర్‌బ్యాగు తెరుచుకోవడంలోనూ తేడా రావచ్చు. రోడ్డు మీద నడిచేవాళ్ళకి తగిలితే ఇంకా ప్రమాదం. పేరులో గార్డ్ ఉంది కదా అని మోసపోకండి.

అయ్యాక వచ్చేవి సులువు. క్రాష్ సైట్ అంటే ప్రమాదం జరిగిన చోటు, క్రాష్ రిపోర్ట్ అంటే దాని మీద రాసిన నివేదిక.

కావాలని చేసేది క్రాష్ టెస్ట్. కొత్త కారులో బొమ్మ మనుషుల్ని కూర్చోబెట్టి, గంటకి 64 కిలోమీటర్ల వేగంతో, ముందుభాగంలో ఒక పక్కే తగిలేలా అడ్డుగోడకి గుద్దిస్తారు. మన దేశంలో 2023 అక్టోబర్ 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో ఇది నడుస్తోంది. ఫలితం చుక్కల్లో, అంటే స్టార్లలో ఇస్తారు, అయిదు చుక్కలు వస్తే మంచి కారు. షోరూములో సేల్స్ కుర్రాడు ‘క్రాష్ టెస్ట్ చేసిందండీ’ అంటే అక్కడితో ఊరుకోకండి. టెస్ట్ చేయించడం వేరు, పాసవడం వేరు. పెద్దవాళ్ళకి ఎన్ని చుక్కలు, పిల్లలకి ఎన్ని అని విడివిడిగా అడగండి, రెండూ వేరేగా ఇస్తారు.

మిగిలింది హడావిడి జాతి. క్రాష్ కోర్సు, క్రాష్ డైట్, క్రాష్ ప్రోగ్రామ్. నెలల పని వారాల్లో లాగించేయడం. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూడని ఉత్తరాంధ్ర కుటుంబం అరుదు. అలాంటి జలాంతర్గామి శత్రువు కంటపడగానే ఉన్నపళంగా నీళ్ళలోకి మునిగిపోతే దాన్ని క్రాష్ డైవ్ అంటారు. అక్కడా అర్థం తొందరే, దెబ్బ కాదు. క్రాష్ కోర్సు గురించి నా అభిప్రాయం అడిగితే, ఒకసారి చదివినవాళ్ళకి తిరగేసుకోవడానికి బాగుంటుంది, అసలు పుస్తకం తెరవనివాళ్ళకి ఫీజు దండగ. క్రాష్ డైట్ జోలికి మాత్రం పెళ్ళి ముహూర్తం దగ్గర పడిందని కూడా వెళ్ళకండి. అంత వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే అవకాశం పెరుగుతుంది.

కంప్యూటర్ అయితే, ఏ రకమో తేల్చుకోండి

రిపేరు షాపుకి వెళ్ళి ‘సిస్టం క్రాష్ అయింది’ అంటే ఆ కుర్రాడికి ఏమీ తెలియదు. చెప్పే ముందు మీరే చూడండి. స్క్రీన్ అలాగే ఉండి, నొక్కినా కదలకపోతే అది హ్యాంగ్. తెరిచిన ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోతే క్రాష్. మొత్తం మిషను నీలం స్క్రీన్ వేసి ఆగిపోతే అదీ క్రాషే, కాకపోతే పెద్దది. మీసేవలోనో సచివాలయంలోనో ‘సర్వర్ డౌన్ అండీ’ అంటే అక్కడి కంప్యూటర్ బాగానే ఉంది, అవతల పెద్ద కంప్యూటర్ అందడం లేదని. పరీక్ష ఫలితాల రోజు సైటు క్రాష్ అయిందంటే ఎక్కువమంది ఒకేసారి ఎగబడ్డారని. దానికి మందు ఒకటే, గంట ఆగి చూడటం.

2024 జూలై 19న ఈ క్రాష్ ప్రపంచమంతా ఒకేరోజు జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ పంపిన అప్‌డేట్‌లో లోపం వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం స్క్రీన్‌తో నిలిచిపోయాయి. మన దేశంలో కొన్ని విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ వారం పేపర్లలో క్రాష్ అన్న మాట పక్కన విమాన సంస్థల పేర్లు చూసి హడలిపోయినవాళ్ళు ఉండే ఉంటారు. ఈ క్రాష్ వల్ల ఒక్క విమానం కూలలేదు.

నిజంగా వస్తువుకి వస్తువు తగిలే క్రాష్ కంప్యూటర్లో ఒకటుంది, హెడ్ క్రాష్. పాత రకం హార్డ్ డిస్కు విప్పితే లోపల అద్దంలా మెరిసే పళ్ళెం కనబడుతుంది. నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరుగుతుంది. దాని మీద సన్నని చెయ్యి ఒకటి అటూ ఇటూ కదులుతూ సమాచారం చదువుతుంది. ఆ చేతి కొస పళ్ళేన్ని ముట్టుకోదు. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతుంది. కింద పడేసినా, నడుస్తుండగా గట్టిగా కుదిపినా ఆ కొస పళ్ళేనికి తగిలి గీత పడుతుంది. ఆ గీత పడ్డ చోట ఉన్న ఫొటోలు ఇక రావు. కాబట్టి డిస్కులోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైతే ఆపేయండి. ఇంకోసారి పెట్టి చూద్దాం అని తిప్పిన కొద్దీ గీత పెరుగుతుంది. అందులో పెళ్ళి వీడియో లాంటిది ఉంటే మామూలు షాపులో విప్పించకుండా డేటా రికవరీ చేసేవాళ్ళకి ఇవ్వండి. చిప్పుల్లో సమాచారం దాచే ఇప్పటి ఎస్ఎస్‌డీల్లో తిరిగే పళ్ళెమూ లేదు, ఈ గొడవా లేదు. అవి పోయేటప్పుడు చడీచప్పుడూ లేకుండా పోతాయి.

ధరలు, షేర్ల వార్తల్లో అంకె అడగండి

ఇంగ్లీషులో పడిపోవడానికి మెట్లున్నాయి. డిప్ అంటే కొంచెం దిగడం, ఫాల్ అంటే తగ్గడం, స్లంప్ అంటే బాగా తగ్గి అక్కడే ఉండిపోవడం, క్రాష్ అంటే చూస్తుండగానే పడిపోవడం. ఎంత పడితే క్రాష్ అనాలో కట్టుదిట్టమైన లెక్క లేదు. అందుకే పేపరు వాళ్ళు ఇష్టమొచ్చినట్టు వాడతారు.

2020 మార్చి 23న ముంబై షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 3,934 పాయింట్లు పడింది, అంటే 13 శాతం పైన. దాన్ని క్రాష్ అనక తప్పదు. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, 4,389 పాయింట్లు పడింది. పాయింట్లు చూస్తే ఇదే పెద్దది, శాతంలో చూస్తే 6 కూడా లేదు. కాబట్టి పాయింట్లు చదివి గుండె బాదుకోకండి, శాతం వెతకండి. మన దగ్గర సూచీ 10 శాతం కదిలితే ట్రేడింగ్ కాసేపు ఆపేస్తారు. 15కి, 20కి కూడా ఆపుతారు. సూచీ పడి అలా ఆపారని వార్తలో ఉంటే అది నిజమైన క్రాషే.

పలాస జీడిపప్పు ధర క్రాష్ అయిందని ఎవరైనా అంటే కూడా ఇంతే. ఎంత నుంచి ఎంతకి? ఏ గ్రేడు? గుండు పప్పా, బద్దా? ఈ మూడూ చెప్పలేని వార్తని నమ్మి సరుకు అమ్ముకోవద్దు.

ఆసుపత్రిలో వినబడితే

‘పేషెంట్ క్రాష్ అవుతున్నాడు’ అని నర్సు అంటే బీపీ, నాడి ఒక్కసారిగా పడిపోతున్నాయని. అప్పుడు చక్రాల బండి ఒకటి పరుగున తెస్తారు, అత్యవసర మందులూ గుండెకి షాక్ ఇచ్చే మిషనూ అందులో ఉంటాయి. దాని పేరు క్రాష్ కార్ట్. మీరు చేయాల్సింది ప్రశ్నలు అడగకుండా పక్కకి తప్పుకోవడం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు గురించి ఇంగ్లీషులో చదివేవాళ్ళకి ఇంకో వాడుక ఎదురవుతుంది. పేషెంట్ డయాలిసిస్‌లోకి ‘క్రాష్’ అయ్యాడని రాస్తారు. ఇక్కడ అర్థం, అంతకుముందు కిడ్నీ డాక్టరు దగ్గర చూపించుకోకుండా, ప్రాణం మీదికి వచ్చాక ఒక్కసారిగా డయాలిసిస్ మొదలుపెట్టాల్సి రావడం. ముందే తెలిసి ఉంటే చేతికి చిన్న ఆపరేషన్ చేసి రక్తనాళం సిద్ధం చేస్తారు, ఫిస్టులా అంటారు. అది వాడకానికి రావడానికి వారాలు పడుతుంది. పేషెంట్ ముందుగా డాక్టరు దగ్గరికి రాకపోతే మెడ దగ్గర గొట్టం పెట్టి మొదలుపెట్టాలి, ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళు ఈ వాడుక అర్థం చేసుకుని ఊరుకోకుండా, ఒంట్లో బాగానే ఉన్నా అప్పుడప్పుడూ క్రియాటినిన్ పరీక్ష, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఈ జబ్బు చాలాకాలం పైకి కనబడదు.

మీరే రాయాల్సి వస్తే

ఇన్సూరెన్స్ ఫారంలోనూ, పోలీసు ఫిర్యాదులోనూ యాక్సిడెంట్ అనే రాయండి. మన మోటారు వాహనాల చట్టంలో ఉన్న మాట అదే. ఇంగ్లీషు వ్యాసమైతే సంగతి వేరు. యాక్సిడెంట్ అంటే ఎవరి తప్పూ లేదు, ఖర్మ అన్నట్టు ధ్వనిస్తుందని రోడ్డు భద్రత మీద పనిచేసేవాళ్ళు క్రాష్ అనే రాస్తారు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ అయితే 2001లోనే యాక్సిడెంట్ మాట వద్దంది. తాగి నడిపి గుద్దినదాన్ని యాక్సిడెంట్ అనడం నాకూ మనస్కరించదు గానీ, క్లెయిమ్ ఫారం దగ్గర వాదన పెట్టుకుంటే నష్టపోయేది మనమే.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘కుప్పకూలింది’ చాలా చోట్ల పనికొస్తుంది. విమానానికీ, మార్కెట్‌కీ, మన బ్యాటింగ్‌కీ అదే వాడతాం. వెబ్‌సైటుకి మాత్రం ‘మొరాయించింది’ బాగుంటుంది. ఫోన్లో యాప్ సంగతైతే క్రాష్ అయింది అనే రాసేయండి, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఈ వరసల్లో దేనికీ లొంగకపోతే

ఆన్‌లైన్ షాపింగులో ‘క్రాష్ టవల్’ అని ఉంటే అది చిరిగిన సరుకు కాదు. క్రాష్ అని ఒక గుడ్డ ఉంది. ముతకగా, ఎగుడుదిగుడు దారంతో నేసిన నార గుడ్డ, చేతులు తుడుచుకోవడానికీ కర్టెన్లకీ వాడతారు. పుస్తకాల బైండింగులో వెన్ను దగ్గర అతికించే పలచని వల లాంటి గుడ్డకీ అదే పేరు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి నేసే పొందూరు ఖద్దరు చూసిన చేతికి ఈ క్రాష్ గరుకుగానే తగులుతుంది. గుద్దుకోవడానికీ ఈ మాటకీ చుట్టరికం లేదు, స్పెల్లింగు కలిసిందంతే. ఖడ్గమృగాల మందని కూడా ఇంగ్లీషులో క్రాష్ అంటారు. క్విజ్‌లో తప్ప ఎక్కడా పనికిరాదు.

ఇవన్నీ చూసినా అర్థం కుదరకపోతే, అసలు విన్నది క్రాష్ కాకపోవచ్చు. చెరకు ఫ్యాక్టరీలో జరిగేది క్రషింగ్, కొండ పక్కన రాళ్ళు పిండి చేసేది క్రషర్, కాలేజీ కుర్రాడికి ఎదురింటి అమ్మాయి మీద ఉండేది క్రష్. ఉద్యోగాలు చేసే తల్లుల పసిపిల్లల్ని చూసుకునే చోటు క్రెష్. ఫోన్లో సిగ్నల్ సరిగా లేనప్పుడు ఈ నాలుగూ ఒకలాగే వినబడతాయి. ‘పాపని క్రెష్‌లో వేశాం’ అన్నది ఇంకోలా వినబడితే గుండె ఆగినంత పనవుతుంది. ఫోన్ పెట్టేసి, ఆ మాట మెసేజీలో రాసి పంపమనండి.